జస్టిస్ పార్టీ, త్యాగరాయ చెట్టిగారు, మన ఓటు

(వార్షికోత్సవ సభలో సేలం చేనేత సహకార సంఘం కార్యదర్శి ఒకరు మాట్లాడిన మాటలు)



మార్కండేయ మహర్షికి, చౌడేశ్వరి అమ్మవారికి మొక్కుకుని మొదలుపెడతాను. వేదిక మీద ఉన్న సమాఖ్య పెద్దలకు, సోలాపూర్ నుంచి, బరంపురం నుంచి, బళ్లారి నుంచి, యానాం నుంచి రైళ్లెక్కి బస్సులెక్కి వచ్చిన బంధువులకు, ముఖ్యంగా ఒక రోజు కూలి పోగొట్టుకుని మగ్గం దిగి వచ్చిన అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు నమస్కారాలు. ఈ మాటలు తర్వాత ఫోనులో సావనీరు తెరిచి చదివే పిల్లలకు ఆశీస్సులు.

నేను ఎనిమిదో తరగతితో బడి మానేసి మగ్గం గుంటలోకి దిగినవాణ్ణి. సంఘం లెక్కలు రాయడం, నూలు తూచి ఇవ్వడం, ఫైలు పట్టుకుని ఆఫీసుల మెట్లెక్కడం, ఇవే నాకు తెలిసిన విద్యలు. కమిటీవాళ్లు "రాజకీయాలు, మన సంఘాలు అనే విషయం మీద మాట్లాడు అన్నా" అంటే మొదట వద్దనే అన్నాను. ఇక్కడ ఐదు రాష్ట్రాలవాళ్లం ఉన్నాం. ఒకరి పార్టీ ఇంకొకరికి పడదు. సభలో కూర్చున్న మామా అల్లుళ్లే రెండు కండువాలవాళ్లు.

అందుకే ఇప్పుడు ఎవరూ జెండా మోయని ఒక పాత పార్టీ సంగతి తీసుకున్నాను. అదే జస్టిస్ పార్టీ. మద్రాసు రాజధానిని 1920 నుంచి 1937 దాకా, మధ్యలో కొన్నేళ్లు తప్ప, ఏలిన పార్టీ. పెట్టినవాళ్లలో పెద్దాయన మన దేవాంగ కులస్థుడు. ఈ పూట మనకు ఈ కథ ఎందుకు అంటారా, మధ్యాహ్నం సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం వస్తుంది. "రాబోయే ఎన్నికల్లో మనవాడికి సీటు ఇచ్చే పార్టీకే మన ఓటు" అని. కుర్రవాళ్లు రాసినారు, చాలా మంది సంతకాలు పెట్టినారు. దాని మీద నా మాట చెప్పే ముందు, మనవాడు సీటు తెచ్చుకోవడం కాదు, ఏకంగా పార్టీనే పెట్టి ప్రభుత్వం నడిపించిన రోజుల్లో మగ్గం మీదివాడికి ఏమి దక్కిందో చూద్దాం.

నేను చదువుకున్నవాణ్ణి కాను గదా. మా వీధిలో ఒక రిటైరైన తమిళ పంతులుగారు ఉన్నారు. సాయంకాలాలు ఆయన పుస్తకాలు చదివి చెబుతుంటే నేను నోటుబుక్కులో రాసుకున్నాను. ఆ నోటుబుక్కే ఇది.

పెళ్లిళ్ల కాలంలో చెన్నైలో టి. నగర్‌కు పోనివాళ్లు మనలో తక్కువ. కొనకపోయినా, మనం నేసిన చీర అక్కడ అద్దాల వెనక ఎంతకు అమ్ముతున్నారో చూడడానికైనా పోతాం. టి. నగర్ అంటే త్యాగరాయ నగర్. దాని మధ్యలో పానగల్ పార్కు. త్యాగరాయ అంటే పిట్టి త్యాగరాయ చెట్టిగారు. పానగల్ అంటే పానగల్ రాజా, పానగంటి రామరాయణింగారు. ఇద్దరూ తెలుగువాళ్లే, ఇద్దరూ ఆ పార్టీవాళ్లే. ఊరి పేరు మనవాడిది, ఊరి నిండా పట్టుచీరల అంగళ్లు. 1928లో నల్లి చిన్నసామి చెట్టిగారు పెట్టిన అంగడి ఆ పార్కు పక్కనే ఉంది. ఇంతా ఉండి, ఆ పేరు ఎవరిదని అక్కడ చీర కొనేవాళ్లను అడగండి, నూటికి ఒకరు చెబితే గొప్ప.

త్యాగరాయ చెట్టిగారు 1852లో పుట్టినారు. ఆ కాలానికే బి.ఏ. చదివినారు. తోళ్ల వ్యాపారం, నేత వ్యాపారం, రెండూ ఉండేవి. వాషర్‌మన్‌పేటలో నేత కార్ఖానా నడిపినారు. చేత్తో నాడె విసిరే పాత మగ్గం బదులు తాడు లాగితే నాడె పరిగెత్తే మగ్గం, అదే ఫ్లై షటిల్, అక్కడ పెట్టించినారు. ఇప్పుడు అది మనకు ఒక వింత కాదు, అప్పుడు వింతే. మద్రాసు మునిసిపాలిటీలో 1882 నుంచి నలభై ఏళ్ల దాకా ఉన్నారు. ఎప్పుడూ తెల్లని బట్టలే కట్టేవారు. అందుకే తమిళంలో ఆయన్ని "వెళ్ళుడై వేందర్", అంటే తెల్లబట్టల రాజు అని పిలుస్తారు. నేతవాడికి ఇంతకంటే మంచి బిరుదు ఏముంటుంది?

ఒక్కటి మాత్రం మరచిపోకూడదు. ఆయన నేతవాళ్ల కులంలో పుట్టిన ధనవంతుడు. నేయించినవాడు, నేసి బతికినవాడు కాదు. తప్పని చెప్పడం లేదు. ఉన్న సంగతి చెబుతున్నాను.

మొదట ఆయన కాంగ్రెసులోనే ఉన్నారు. మరి వేరే పార్టీ ఎందుకు పెట్టినారు? జనం చెప్పుకునే కథ ఒకటుంది. మైలాపూర్ కపాలీశ్వర స్వామి గుడి కుంభాభిషేకానికి ఆయన 10,000 రూపాయలు ఇచ్చినారట. తీరా పోతే పైన పెద్దలతో సమానంగా కూర్చోనివ్వలేదట. ఈ ఒక్క అవమానంతోనే పార్టీ పుట్టిందని నేను అనను. ఆ రోజుల్లో ప్రభుత్వ ఉద్యోగాలు, కాలేజీ సీట్లు, వకీలు పట్టాలు చాలా మటుకు బ్రాహ్మణుల చేతిలోనే ఉండేవి. మిగిలిన కులాల్లో చదివినవాళ్లకు, డబ్బున్నవాళ్లకు ఆ బాధ చాలా ఏళ్లుగా ఉంది. 1916 నవంబరులో త్యాగరాయ చెట్టిగారు, డాక్టర్ టి.ఎం. నాయరుగారు, డాక్టర్ నటేశ ముదలియారుగారు మరి కొందరితో కలిసి దక్షిణ భారత లిబరల్ ఫెడరేషన్ అని పెట్టినారు. వాళ్ల ఇంగ్లీషు పత్రిక పేరు జస్టిస్. పత్రిక పేరే పార్టీకి పేరై నిలిచిపోయింది. తెలుగులో ఆంధ్ర ప్రకాశిక, తమిళంలో ద్రావిడన్ ఉండేవి.

పేరులో లిబరల్ అని ఉన్నా అది పెద్దల పార్టీ. జమీందార్లు, రాజాలు, మిరాసుదార్లు, వర్తకులు. తెల్లదొరలు వెంటనే పోవాలని వాళ్లు కోరలేదు. గాంధీగారి సహాయ నిరాకరణను వ్యతిరేకించినారు. దొర ఉండగానే మన వాటా మనం తీసుకుందాం, తొందర వద్దు, ఉన్న పద్ధతి కూలిపోకూడదు అనేది వాళ్ల లెక్క. సంప్రదాయవాద పార్టీ అని ఇప్పుడు టీవీలో అంటారే, ఆస్తిపాస్తుల విషయంలో అట్లాంటిదే. కులం విషయంలో మాత్రం ఉన్న పద్ధతిని కదిలించినారు. ఒక్క మాటలో ఇమిడే పార్టీ కాదు అది.

1920 ఎన్నికలు వచ్చినాయి. కాంగ్రెసువాళ్లు బహిష్కరించినారు. 98 ఎన్నిక స్థానాల్లో 63 జస్టిస్ పార్టీకి వచ్చినాయి. గవర్నరు పిలిచి ముఖ్యమంత్రి పదవి ఇస్తానంటే త్యాగరాయ చెట్టిగారు వద్దన్నారు. కడలూరు సుబ్బరాయలు రెడ్డియారుగారు అయినారు. ఆరోగ్యం బాగాలేక ఆయన దిగిపోతే 1921లో పానగల్ రాజా వచ్చి 1926 దాకా ఉన్నారు. చేతికి వచ్చిన పదవిని వద్దన్న మనిషిని ఈ కాలంలో ఎక్కడైనా చూసినారా? మన సంఘం ఉపాధ్యక్ష పదవికే రెండు వర్గాలైపోతాం మనం.

ఇక్కడ కొంచెం ఆగుతాను. ఆ ఎన్నికల్లో ఓటు వేసినది ఎవరు?

మద్రాసు రాజధానిలో అప్పుడు నాలుగు కోట్ల పైన జనం. ఓటు ఉన్నది సుమారు 12 లక్షల మందికి. వాళ్లలోనూ వచ్చి వేసినది నాలుగో వంతు. ఓటు కావాలంటే భూమి శిస్తు కట్టాలి, లేదా పట్నంలో పన్ను కట్టాలి. మగ్గం గుంట ఉన్న అద్దె ఇంట్లో, షావుకారు ఇచ్చిన నూలు నేసేవాడు ఏ శిస్తు కడతాడు? వాడికి ఓటు లేదు. 1921లో శాసనమండలి ఆడవాళ్లకు కూడా ఓటు ఇచ్చింది. బ్రిటిష్ పాలనలోని రాష్ట్రాల్లో మొదట ఇచ్చింది మద్రాసే. గొప్ప సంగతే, చప్పట్లు కొట్టాలి. అయితే ఆ ఓటుకూ ఆస్తే లెక్క. రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టే మన అవ్వల చేతికి అది రాలేదు.

దాని అర్థం ఏంటంటే, మన కులస్థుడు పెట్టిన పార్టీ గెలిచిన ఎన్నికల్లో మన మగ్గాల వీధులు దాదాపు ప్రేక్షకులే. మన కులంలో ఓటు ఉన్నవాడు షావుకారు. శాసనమండలిలో "నేతవాళ్ల ప్రతినిధి" అన్నప్పుడు వినబడిన గొంతు కూడా ఆ షావుకారుదే. కూలి పెంచమనే గొంతూ, కూలి ఇచ్చేవాడి గొంతూ ఒకటి కావు గదా? ఒకే కులం, ఒకే గోత్రం, ఒకే గుడి అయినా సరే.

ఇంతమాత్రాన వాళ్లు ఏమీ చేయలేదని అంటే కళ్లు పోతాయి.

1920లో త్యాగరాయ చెట్టిగారు మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడుగా ఉన్నప్పుడు థౌజండ్ లైట్స్‌లో ఉన్న కార్పొరేషన్ బడిలో పిల్లలకు మధ్యాహ్నం టిఫిను పెట్టాలని తీర్మానం చేసినారు. పిల్లవాడికి రోజుకు ఒక అణాకు మించకూడదు అని లెక్క. తర్వాత ఇంకొన్ని బళ్లకు పెంచినారు. బడికి వచ్చే పిల్లల సంఖ్య పెరిగింది. ప్రాథమిక విద్య నిధి నుంచి ఈ ఖర్చు పెట్టకూడదని ప్రభుత్వం అడ్డం చెప్పింది, 1925లో ఆగిపోయింది. ఈ రాష్ట్రంలో తర్వాత కామరాజుగారు, ఎం.జి.ఆర్.గారు పెట్టిన అన్నానికి అదే తొలి గిన్నె. నేను చిన్నప్పుడు బడిలో మధ్యాహ్నం కంచం పట్టుకుని నిలబడినవాణ్ణి. ఆ వరుసలో సగం మంది మగ్గాల వీధి పిల్లలం. ఆ అన్నం లేకపోతే నాకు ఎనిమిదో తరగతి కూడా ఉండేది కాదు, మూడో తరగతికే కండెలు చుట్టడానికి కూర్చోబెట్టేవాళ్లు. చెట్టిగారు చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే పెద్దది ఇదే. చూడండి, ఇది దేవాంగ పిల్లలకని పెట్టినది కాదు. బడికి వచ్చిన ఏ పిల్లవాడికైనా అని పెట్టినది. అట్లా పెట్టినందుకే మనదాకా వచ్చింది.

రెండోది 1921 కమ్యూనల్ జీ.వో. ఉద్యోగాల్లో అన్ని వర్గాలకూ చోటు ఉండాలని పానగల్ రాజా ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు. మొదట్లో అది సరిగా నడవలేదు, వరుస క్రమం ఖాయమై అమలయ్యేసరికి ఆ దశాబ్దం చివరికి వచ్చింది. ఈ రోజు తమిళనాడులో మన పిల్లలు బి.సి. సర్టిఫికెట్టు చూపించి ఇంజినీరింగు కాలేజీలో చేరుతున్నారంటే ఆ చెట్టుకు విత్తు అక్కడ పడింది. బరంపురం బంధువులకు ఒక మాట. గంజాం అప్పుడు మద్రాసు కిందే ఉండేది, 1936లో ఒరిస్సాకు పోయింది. మీ వైపు ఏ.పీ. పాత్రోగారు ఆ ప్రభుత్వంలో విద్యామంత్రి. ఆంధ్ర విశ్వవిద్యాలయం చట్టం 1926లో వచ్చింది ఆయన హయాంలోనే. సోలాపూర్‌వాళ్లు అప్పుడు బొంబాయి కింద, యానాంవాళ్లు ఫ్రెంచివాళ్ల కింద. మీకు ఈ కథలో భాగం లేదు, ఓపికగా వినండి.

మూడోది 1922లో పరిశ్రమలకు ప్రభుత్వ సాయం చట్టం. చిన్న పరిశ్రమలకు కూడా అప్పు ఇవ్వొచ్చు అని ఉంది. కాని అప్పు ఆస్తిని బట్టి. మళ్లీ అదే కథ. మగ్గం తాకట్టు పెడితే ఎంత వస్తుంది?

అప్పటి పెద్దలు నేతవాణ్ణి చూసిన తీరుకు మా సేలంలోనే ఒక గుర్తు ఉంది. జస్టిస్ పార్టీ పుట్టక ముందు, 1906 ప్రాంతంలో, ఛాటర్టన్ అనే దొర పూనికతో ప్రభుత్వం సేలంలో ఒక నేత కార్ఖానా పెట్టింది. నేతవాళ్లందరినీ ఒకచోట చేర్చి ఫ్లై షటిల్ మగ్గాల మీద కూర్చోబెడితే బాగుపడతారని వాళ్ల ఉద్దేశం. చెడ్డ ఉద్దేశం కాదు. అయితే మనవాళ్లు సరిగా రాలేదు. గంట కొడితే రావడం, గంట కొడితే పోవడం వాళ్లకు కుదరలేదు. కొన్నేళ్లకే మూసేసినారు. నేతవాడు సోమరి అని రాసుకుని ఉంటారు. పడుగు చేసేటప్పుడు ఇంటిల్లిపాదీ వీధిలోకి రావాలి, పెళ్లాం కండె చుడితేనే మొగుడి నాడె నడుస్తుంది, ఒక మగ్గం అంటే ఒక సంసారం. మొగుణ్ణి ఒక్కణ్ణే కార్ఖానాకు పిలిస్తే మిగిలిన సగం మగ్గం ఇంట్లోనే ఉండిపోతుంది గదా! ఈ ముక్క ముందుగా ఏ ముసలమ్మను అడిగినా చెప్పేది.

జస్టిస్ పార్టీ మీద నాకున్న పెద్ద కినుక 1921 సంగతి. పెరంబూరులో బకింగ్‌హాం, కర్ణాటిక్ మిల్లుల్లో సమ్మె జరిగింది. మిగిలిన కులాల కూలీలు సమ్మెలో ఉన్నారు, ఆదిద్రావిడ కూలీలు చాలా మంది పనికి పోయినారు. పులియంతోపులో కొట్లాటలు, ఇళ్లు తగలబడినాయి. పార్టీ పెద్దలు ప్రభుత్వం ఆదిద్రావిడులను నెత్తికెక్కించుకుంటోందని మాట్లాడినారు. త్యాగరాయ చెట్టిగారు కూడా ఆ పక్షమే. ఎం.సి. రాజాగారు, ఆదిద్రావిడుల నాయకుడు, చివరికి 1923లో పార్టీ వదిలి పోయినారు. గుడి వేదిక మీద తమకు చోటు దొరకలేదని బాధపడినవాళ్లకు తమ కింద నిలబడినవాడి బాధ కనబడలేదు. ఇది చెబితే మన పెద్దలు కొందరికి కోపం రావచ్చు. ఆయన పటం మా సంఘం ఆఫీసులోనూ ఉంది, దండ వేసేది నేనే. దండ వేసినంత మాత్రాన లెక్క చూడకుండా పోకూడదు.

1925లో చెట్టిగారు పోయినారు. 1928లో పానగల్ రాజా. తర్వాత పార్టీ జమీందార్ల జగడమైపోయింది. 1930లో గెలిచి చిత్తూరు వైపు మునుస్వామి నాయుడుగారు ముఖ్యమంత్రి అయినారు. ఆయన జమీందారు కాదు, రైతు ఇంటి మనిషి. రెండేళ్లకే జమీందార్లు కలిసి దించేసినారు. 1932లో బొబ్బిలి రాజా వచ్చినారు. ధరలు పడిపోయి, పంట అమ్ముకోలేక రైతు, బట్ట అమ్ముకోలేక నేతవాడు అల్లాడుతున్న రోజులవి. ఆ రోజుల్లో మద్రాసు మంత్రి జీతం నెలకు 4,333 రూపాయల పైచిలుకు. మధ్య పరగణాలలో మంత్రి జీతం 2,250. తగ్గించుకోమని జనం అడిగినారు, వీళ్లు వినలేదు. 1937లో ఆస్తి షరతు కొంత సడలి ఇంకా చాలా మందికి ఓటు వచ్చింది. వచ్చీరాగానే జనం ఏమి చేసినారు? 215 స్థానాల్లో 159 కాంగ్రెసుకు ఇచ్చినారు. సాక్షాత్తూ బొబ్బిలిలోనే బొబ్బిలి రాజాను వి.వి. గిరిగారు ఓడించినారు.

ఇక్కడ ఒక చిత్రం. ఆ బొబ్బిలి రాజా ప్రభుత్వ కాలంలోనే, 1935లో, మద్రాసు రాష్ట్ర చేనేత సహకార సొసైటీ మొదలైంది. మనం ఇప్పుడు కో-ఆప్టెక్స్ అంటున్నది అదే. మగ్గం మీదివాడికి షావుకారు కాకుండా ఇంకొక గడప దొరికింది అప్పుడే. రాజాగారు నేతవాడు కాదు, మన కులం కాదు, మన వీధికి వచ్చి నాడె పట్టుకున్నది లేదు. నేతవాళ్ల సహకార సంఘాలకని ఢిల్లీ నుంచి సొమ్ము వస్తే, సహకార శాఖలో పట్టుదల ఉన్న అధికార్లు ఉంటే, మన సంఘాలవాళ్లు అర్జీ మీద అర్జీ పెడితే ఆ పని అయింది. మనవాడు పార్టీ పెద్దగా ఉన్న రోజుల్లో రాని సొసైటీ, మనవాడు కాని రాజా రోజుల్లో వచ్చింది. నేను నోటుబుక్కులో ఈ రెండు సంవత్సరాలూ పక్కపక్కన రాసుకుని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

ఇక ఆ పార్టీ చివరి రోజు మా ఊళ్లోనే. 1944 ఆగస్టులో సేలంలో మహాసభ పెట్టి, పెరియార్ రామస్వామిగారి నాయకత్వంలో పేరు ద్రావిడ కళగం అని మార్చినారు. సర్ బిరుదులు, రావుబహద్దూర్ బిరుదులు వదిలేయమన్నారు. బిరుదులవాళ్లు కొందరు పాత పేరుతోనే ఇంకొన్నాళ్లు లాగినారు, నిలబడలేదు. దాని తర్వాతి కథ తమిళనాడులో అందరికీ తెలిసినదే.

ఇప్పుడు మధ్యాహ్నం తీర్మానానికి వస్తాను.

మనవాడు శాసనసభలో ఉండాలని నాకూ ఆశే. ఆ కోరిక తప్పు కాదు. కాని లెక్క చూడండి. 2019-20 చేనేత గణన ప్రకారం దేశం మొత్తం మీద చేనేత పనివాళ్లు 35 లక్షల మంది. అందులో పరాయి రాష్ట్రాల్లో స్థిరపడ్డ తెలుగు నేతవాళ్లం ఎంత మందిమి? అది కూడా ఒకచోట లేము. అమ్మాపేటలో నాలుగు వీధులు, గుగైలో నాలుగు వీధులు, సోలాపూర్‌లో ఒక పేట, బరంపురంలో ఒక సాహి. ఏ నియోజకవర్గంలోనూ మన ఓట్లతో మాత్రమే గెలిచేవాడు ఉండడు. మనవాడు గెలిచినా ఇంకో పదిమంది ఓట్లతో గెలుస్తాడు, వాళ్లకే జవాబు చెప్పుకోవాలి. అది న్యాయమే కూడా.

ఇంకొకటి. మనవాడంటే ఎవడు? సీటుకు డబ్బు పెట్టగలిగేవాడు. అంటే మగ్గం మీదివాడు కాదు. ఎవడు వస్తాడో మీకూ తెలుసు, నాకూ తెలుసు. కొన్నేళ్ల కింద మన కులస్థుడే ఒకాయన మా వీధికి ఓట్లకు వచ్చినాడు. పేరు వద్దు, పార్టీ వద్దు, ఊరు వద్దు. ముసలాయన ఒకాయన మగ్గంలో కూర్చుని, నాడె లాగుతూ ఫొటో తీయించుకున్నాడు. మూడు పోగులు తెగినాయి. అతను పోయినాక అతికించుకోవడానికి ఆ ముసలాయనకు గంట పట్టింది. గెలిచినాక మా సంఘానికి రావలసిన రిబేటు బాకీ గురించి అర్జీ తీసుకుపోతే "మనం మనం ఒకటి అన్నా, నేను చూసుకుంటా" అన్నాడు. మనం మనం ఒకటి కాబట్టి కాగితం మీద సంతకం పెట్టలేదు. తర్వాత వేరే కులం మనిషి ఎన్నికైతే, అదే అర్జీ ఇస్తే, మీద నాలుగు మాటలు రాసి, రశీదు ఇచ్చి, సభలో ప్రశ్న వేసినాడు. బాకీలో సగం వచ్చింది. సగమే. ఇద్దరి కులాలూ తెలిసినవాణ్ణి నేను, ఇద్దరి పనీ తెలిసినవాణ్ణీ నేనే.

కుర్రవాళ్లు అంటారు, "అన్నా, సీటు అడగకపోతే మనల్ని ఎవడు లెక్కపెడతాడు?" అని. సరైన ప్రశ్నే. నేను సీటు అడగవద్దనడం లేదు. సీటు ఒక్కటే అడిగి ఆగిపోవద్దు అంటున్నాను. 1985లో చేనేతకు రిజర్వేషన్ చట్టం వచ్చింది. మొదట 22 రకాల బట్ట చేనేతకే అన్నారు, తర్వాత 11కు తగ్గించినారు. ఆ 11 కూడా మరమగ్గం మీద నేసి చేనేత అని అమ్ముతుంటే పట్టుకునేవాడు ఏడి? 2020లో అఖిల భారత చేనేత బోర్డు రద్దు చేసినారు. అది ఉండి పెద్దగా ఏమి చేసింది అంటారు. అక్కడ మన మాట వినే కుర్చీ అయినా ఒకటి ఉండేది. నూలు ధర నెలకోసారి మారుతుంది, కూలి ఏళ్లు గడిచినా మారదు. ఇవి అడిగితే ఏ పార్టీవాడైనా జవాబు చెప్పాలి. మనవాడైనా, కాకపోయినా. సంప్రదాయం కాపాడతామనే పార్టీలు చేనేత మన సంస్కృతి అంటారు, ఆగస్టు 7న ఖద్దరు కట్టుకుని ఫొటో పెడతారు. బీదల పక్షమనే పార్టీలు నేతన్న అంటారు. మాట రెండు వైపులా తియ్యగానే ఉంటుంది. కాగితం ఎవరు ఇస్తారో చూడాలి.

మన అవ్వలకు తాతలకు లేనిది మనకు ఉన్నది ఒక్కటే, శిస్తు కట్టకపోయినా వేయగలిగిన ఓటు. దాన్ని గోత్రం చూసి ఇచ్చేస్తే 1920 నాటి షావుకారు చేతిలోకి మళ్లీ మనమే పెట్టినట్టు.

కాబట్టి మధ్యాహ్నం తీర్మానం చదివేటప్పుడు నేను చేయి ఎత్తుతాను. "మనవాడికి సీటు ఇచ్చే పార్టీకే" అన్న వాక్యం తీసేసి, ఆ చోట మూడు పంక్తులు చేర్చమని అడుగుతాను. ఒకటి, ఓటు అడగడానికి వచ్చే ప్రతి అభ్యర్థీ ఆ ఊరి సంఘానికి రావలసిన బాకీ ఎంతో, ఏ గడువులో ఇప్పిస్తాడో రాసి సంతకం చేయాలి. రెండు, మరమగ్గం బట్టను చేనేత అని అమ్మేవాళ్ల మీద కేసు పెట్టించడానికి ఏమి చేస్తాడో అదే కాగితంలో రాయాలి. మూడు, ఆ కాగితం నకలు సంఘం గోడ మీద ఐదేళ్లూ ఉండాలి, ఎన్నికైనవాడు కండువా మార్చినా సరే. కాగితం నమూనా తమిళంలో, తెలుగులో టైపు చేయించి తెచ్చినాను. కన్నడ, మరాఠీ, ఒడియా భాషల్లోకి మీ మీ ఊళ్లలో చదువుకున్న పిల్లల చేత రాయించండి. నకళ్లు భోజనాల దగ్గర, నీళ్ల డ్రమ్ము పక్కన బల్ల మీద పెట్టినాను. ప్రతి సంఘం తన బాకీ అంకె ఖాళీలో నింపి సాయంత్రం లోపల నాకు ఇవ్వండి. అంకె గుర్తు లేనివాళ్లు ఊరికి ఫోను చేసి కనుక్కోండి, గుమాస్తా ఈ రోజు సెలవని అనకండి.